సంగీత పత్రికలో విషయసూచిక పేజీ ఎలా ఉండాలి? పాత పత్రికలు చూసినవాళ్లు సలహా ఇవ్వండి

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే అండి. మా ఊరి సంగీత సభ వాళ్లు వచ్చే ఉగాది నుంచి మూడు నెలలకో పత్రిక తేబోతున్నారు. ఏ4 సైజు, కవర్లు కాక 64 పేజీలు. కచేరీ సమీక్షలు, విద్వాంసులతో ముఖాముఖి, స్వరసహితంగా కీర్తనలు, పాత సినిమా పాటల్లో రాగాల మీద ఓ శీర్షిక, పిల్లల పేజీ, సభల కబుర్లు ఉంటాయి. విషయసూచిక పేజీ నాకు అప్పగించారు.

మొదటి డ్రాఫ్ట్ మన సాహిత్య పత్రికల పద్ధతిలో చేశాను. ఎడమ పక్క శీర్షిక, దాని కింద రచయిత పేరు, అక్కణ్ణుంచి చుక్కల గీత, చివర పేజీ నంబరు. కమిటీలో పెద్దవాళ్లకి నచ్చింది. వీణ నేర్చుకుంటున్న మా మేనకోడలు మాత్రం అటూ ఇటూ చూసి "ఇందులో కల్యాణి రాగం గురించి ఏమన్నా ఉందా మావయ్యా?" అనడిగింది. మూడు చోట్ల ఉంది. ఆ పేజీ చూస్తే ఒక్కటీ తెలియదు.

ఇంగ్లిష్ సంగీత పత్రికల్లో ఈ పేజీకి ఒక పద్ధతి ఉందని విన్నాను. ఆ పద్ధతి ఏమిటి, ఎందుకలా వచ్చింది, అందులో మన తెలుగు పేజీకి పనికొచ్చేది ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఆబిడ్స్_ఆదివారం (హైదరాబాద్)

అన్నా, మీ మేనకోడలు అడిగిన ప్రశ్నే ఈ పేజీకి అసలు ప్రశ్న. దానికి లండన్‌లో ఒక వారపత్రిక జవాబు చెప్పింది.

నేను ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు ఏరుకుంటుంటాను. ఎక్కువ ఏరింది ఎన్ఎంఈ, అంటే న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్. 1952లో మొదలైంది. 2015లో ఉచిత పత్రికైంది, 2018 మార్చిలో వారం వారం వచ్చే అచ్చు ఆగింది. 2000 దశకం చివరి సంచికల్లో విషయసూచిక పేజీ చూడండి. ఎడమ అంచున సన్నని కాలమ్ ఒకటి పైనుంచి కిందికి దిగుతుంది. పేరు బ్యాండ్ ఇండెక్స్. ఆ వారం పత్రికలో ఎక్కడ ఏ బ్యాండు ప్రస్తావన వచ్చినా దాని పేరు అక్షరక్రమంలో అక్కడ ఉంటది, పక్కనే పేజీ నంబర్లు. కవర్ స్టోరీ ఉన్న పెద్ద బ్యాండైనా, సమీక్షల్లో నాలుగు లైన్లు దక్కిన కొత్త బ్యాండైనా ఆ కాలమ్‌లో అక్షరాల సైజు ఒక్కటే.

నడుమ పెద్ద ఫోటో, దాని కింద ఆ వారం ముఖ్య కథనం రెండు మూడు వాక్యాల్లో. కుడి పక్క నల్ల పట్టీల మీద తెల్ల అక్షరాలతో విభాగాలు: వార్తలు, కొత్త బ్యాండ్లు, సమీక్షలు, లైవ్, కథనాలు. అడుగున చందా కట్టమని ఒక పెట్టె.

ఫోటో, విభాగాలు, చందా పెట్టె ఏ పత్రికలోనైనా ఉంటాయి. కార్ల పత్రికలో ఉంటాయి, వంటల పత్రికలో ఉంటాయి. సంగీతానికి సొంతమైంది ఆ ఎడమ కాలమే. సంగీతం పత్రిక కొనేవాడు ఏ వ్యాసం ఉందా అని చూడడు, "నావాళ్లు ఉన్నారా" అని చూస్తడు. వాడికి కథనం శీర్షికతో పనిలేదు, పేరు కావాలె.

మీ పత్రికలో బ్యాండ్ల స్థానంలో రాగాలు, వాగ్గేయకారులు (కీర్తనలు రాసి స్వరపరిచినవాళ్లు), విద్వాంసులు పెట్టుకోండి. నా మాట ఇంతే.

---

మిడ్‌ల్యాండ్స్_తెలుగు (బర్మింగ్‌హామ్)

ఈ "పద్ధతి" అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. ఇక్కడ ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు ఏఎస్ (మన ఇంటర్ స్థాయి) మీడియా స్టడీస్‌లో ఏళ్ల తరబడి ఒక ప్రాజెక్టు ఉండేది. కొత్త సంగీత పత్రికకి ముఖపత్రం, విషయసూచిక, ఒక డబుల్ పేజీ కథనం తయారుచెయ్యాలి. దానికి ముందు వార్మప్‌గా కాలేజీ పత్రిక ముఖపత్రం, విషయసూచిక. ఫోటోలన్నీ మనమే తియ్యాలి. నేనూ చేశాను. దేశంలో ఎన్నో కాలేజీల్లో పిల్లలంతా ఎన్ఎంఈ, క్యూ, కెరాంగ్, వైబ్ పత్రికల విషయసూచికలు కత్తిరించి చార్టు మీద అతికించి బాణాలు గీసేవాళ్లు.

అలా గీసి గీసి అప్పటి సంచికల్లో మాకు కనిపించిన తేడాలు చెప్తాను.

1986లో మొదలై 2020లో మూతపడ్డ క్యూ మాసపత్రిక పాఠకులు కాస్త వయసు వచ్చినవాళ్లు. ఎరుపు, తెలుపు, నలుపు తప్ప వేరే రంగు దాదాపు కనిపించదు. పై మూలన ఎర్ర చతురస్రంలో తెల్ల క్యూ అక్షరం, పక్కన నెల పేరు, సంచిక సంఖ్య. కథనాలు ఒక గుంపు, ప్రతి నెలా వచ్చే శీర్షికలు ఇంకో గుంపు. సమీక్షలకి విడిగా ఒక పెట్టె, ఎందుకంటే ఆల్బమ్ సమీక్షల కోసమే ఆ పత్రిక కొనేవాళ్లు చాలామంది.

1981లో సౌండ్స్ అనే వారపత్రికకి అనుబంధంగా పుట్టింది కెరాంగ్. మెటల్, రాక్ అభిమానుల పత్రిక. నల్ల పట్టీల మీద పసుపు అక్షరాలు, పేజీ నిండా ఫోటోలు, ప్రతి ఫోటో మూలన లావుపాటి పేజీ నంబరు. సంపాదకుడి చిన్న ఉత్తరం సంతకంతో సహా ఈ పేజీలోనే ఉంటుంది. లోపల ఏయే పోస్టర్లు ఉన్నాయో కూడా ఇక్కడే చెప్తారు. పదహారేళ్లవాడి గదిలో గోడకి అతికేది అదే కాబట్టి ఆ సమాచారం వాడికి ముఖ్యం.

క్విన్సీ జోన్స్ స్థాపించిన అమెరికన్ హిప్‌హాప్ పత్రిక వైబ్ దీనికి పూర్తిగా ఎదురు. పేజీ అంతా ఒక్క కళాకారుడి ఫోటో, వెనక ఆ పేజీ ఎత్తున V అక్షరం, పక్కన నాలుగైదు శీర్షికలు సన్నగా. ఒక పేజీలో సరిపోదు, ప్రకటనల మధ్య రెండు మూడు పేజీలుగా సాగుతుంది.

గోదారిగట్టు గారూ, మాకు మార్కులు ఈ లక్షణాలు ఎన్ని దించామన్న దాన్నిబట్టి పడేవి. ఎందుకలా ఉన్నాయని అడిగే తీరిక తక్కువ. మీరు అలా చెయ్యకండి. ముందు మీ పాఠకులెవరో రాయండి, పేజీ దాన్నిబట్టే తయారవుతుంది.

---

ఫారం_ప్రూఫు (విజయవాడ)

పేజ్‌మేకర్ కాలం నుంచి డీటీపీ, లేఅవుట్ పనిలో ఉన్నవాణ్ణి. రంగుల సంగతి అలా ఉంచండి. ఈ పేజీ ఎక్కడ పడుతుంది అన్నది ముందు తేల్చుకోవాలి.

కవర్ తిప్పగానే ఎడమ పక్క కవర్ లోపలి వైపు. అక్కడ ప్రకటన పోతుంది, రేటు ఎక్కువ. దానికి ఎదురుగా కుడి పేజీ. విషయసూచిక అక్కడుంటే కొట్లో నిలబడి పత్రిక తిప్పేవాడికి వెంటనే దొరుకుతుంది. విషయసూచికకి ఎదురు పేజీ అంటే ప్రకటనదారుడు కూడా ఎక్కువిస్తాడు, ఎందుకంటే పత్రిక కొన్న ప్రతివాడూ ఒకసారైనా ఆగే పేజీ అది. మీకు ప్రకటనలు ముఖ్యమైతే ఆ కుడి పేజీని వదులుకోకండి.

రెండోది, కవర్ మీద వేసిన మాట విషయసూచికలో అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఒక పత్రికకి పనిచేసేటప్పుడు కవర్ మీద ఒక శీర్షిక, విషయసూచికలో రెండోది, లోపల కథనం నెత్తిన మూడోది ఉండేవి. ముగ్గురు మనుషులు మూడు చోట్ల రాసేవారు. పాఠకుడు కవర్ చూసి కొంటాడు, ఆ కథనం ఎక్కడుందో తెలియక తిప్పుకుంటూ కూర్చుంటాడు. ముఖపత్ర కథనం 34వ పేజీలో ఉన్నా సరే, జాబితాలో అందరికన్నా పైన పెట్టి పక్కన "ముఖపత్ర కథనం" అని వెయ్యండి.

మూడోది, ఈ పేజీ అన్నిటికన్నా చివర కట్టాలి. 64 పేజీలంటే 16 పేజీల ఫారాలు (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీలు) నాలుగు. చివరి రోజు ఒక ఫుల్ పేజీ ప్రకటన వస్తే ఆ తర్వాత నంబర్లన్నీ జరుగుతాయి. ఆబిడ్స్ గారు చెప్పిన ఇండెక్స్ పెడితే మార్చాల్సిన నంబర్లు పదో పన్నెండో కాదు, నూటికి పైగా అవుతాయి. చెయ్యొద్దనడం లేదు. ఆ పనికి ఒక రోజు విడిగా ఉంచుకోండి.

ఇంకొకటి. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు, అచ్చయిన చోటు ప్రతి కాపీలో ఉండాలి. చట్టం. చాలామంది ఈ పేజీ అడుగునే వేస్తారు. చోటు ముందే వదలండి.

---

త్రిస్థాయి (చెన్నై)

రాక్ పత్రికల మాట బాగుంది గాని మన సంగీతానికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది. 1923లో కాంప్టన్ మెకెంజీ మొదలుపెట్టిన గ్రామఫోన్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రికార్డుల సమీక్షా పత్రిక. ఇప్పటికీ వస్తోంది. సమీక్షలు ఆర్కెస్ట్రా, చాంబర్, వాద్యం, గాత్రం, ఒపెరా అని విభాగాలుగా ఉంటాయి. అది కాక సమీక్షించిన రచనలకి స్వరకర్తల పేర్ల వరుసలో సూచిక వేరే ఉంటుంది. పాడినవాడు ఎవరైనా కానీ, రచన ఎవరిది అన్నదే వెతికే దారి.

మనకి కూడా అంతే. రసికుడు "ఈ సంచికలో శ్యామశాస్త్రి గురించి ఏముంది" అని వెతుకుతాడు, విద్యార్థి "తోడి రాగం ఎక్కడ" అని వెతుకుతాడు. ఇద్దరికీ వ్యాసం పేరుతో పనిలేదు.

ఇక్కడ 1983లో ఎన్. పట్టాభిరామన్ గారు ప్రారంభించిన శ్రుతి పత్రిక నేను చాలా ఏళ్లు చదివాను. మనవాళ్లు సంగీత నృత్యాల మీద నెలనెలా ఓ పత్రికని గంభీరంగా నడపగలరని అది రుజువు చేసింది. మీ సభ వాళ్లు కొన్ని సంచికలు తెప్పించుకుని దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఎన్ఎంఈ ఇండెక్స్‌లా ఒకే కాలమ్‌లో అన్నీ కలిపేయకండి. రాగాలు ఒకటి, వాగ్గేయకారులు ఒకటి, కళాకారులు ఒకటి. మూడు చిన్న జాబితాలు.

---

అక్షరభేదం (బెంగళూరు)

ఇక్కడ అక్షరాల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. నా చదువూ పనీ టైపోగ్రఫీ.

ఈ పేజీ మీద జరిగిన అతి సాహసమైన ప్రయోగం ది ఫేస్ పత్రికలో జరిగింది. నిక్ లోగన్ 1980లో లండన్‌లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఎన్ఎంఈ సంపాదకుడు, పాటల సాహిత్యం అచ్చేసే స్మాష్ హిట్స్‌ని స్థాపించిందీ ఆయనే. నెవిల్ బ్రోడీ 1981 నుంచి 1986 దాకా ది ఫేస్‌కి డిజైన్ చేశాడు. 1984లో 49వ సంచిక నుంచి 55వ సంచిక దాకా విషయసూచిక పేజీ నెత్తిన ఉండే "కంటెంట్స్" అన్న మాటని నెలనెలా కొంచెం కొంచెం విరగ్గొట్టుకుంటూ పోయాడు. మొదట చక్కగా చదవగలిగే అక్షరాలు. కొన్ని నెలలకి అక్షరాల్లో గీతలు విడిపోయాయి. చివరికొచ్చేసరికి అవి గుర్తులే తప్ప అక్షరాలు కావు. అయినా పాఠకుడికి అది ఏ పేజీయో తెలుసు.

అమెరికాలో డేవిడ్ కార్సన్ 1992 నుంచి 1995 దాకా రే గన్ సంగీత పత్రికని ఇంకా దూరం తీసుకుపోయాడు. 1994లో బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ తనకి విసుగ్గా అనిపించిందని దాన్ని మొత్తం జాఫ్ డింగ్‌బాట్స్ అనే గుర్తుల ఫాంట్‌లో పెట్టేశాడు.

సంగీత పత్రిక అంటే సంగీతంలా కనిపించాలి. చుక్కల గీతలతో రైల్వే టైంటేబుల్లా ఉంటే లోపల పాట ఉందని ఎవరు నమ్ముతారు? గోదారిగట్టు గారూ, ధైర్యం చెయ్యండి.

---

ఆబిడ్స్_ఆదివారం

అక్షరభేదం గారూ, ది ఫేస్ మీద నాకూ ప్రేమే. కానీ బ్రోడీ ఏం విరగ్గొట్టిండో, ఏం ముట్టుకోలేదో రెండూ చూడాలె. విరగ్గొట్టింది పేజీ నెత్తిన ఉన్న ఒక్క మాట. ఆ మాట లేకున్నా పేజీ పని పేజీ చేస్తది. ఆ మాట అలంకారమే అని ఆయన చూపెట్టిండు.

గోదారిగట్టు అన్నా, మీ డ్రాఫ్ట్‌లో అన్నిటికన్నా పెద్ద అక్షరాలు దేనికి పెట్టారు? "విషయసూచిక" అన్న మాటకే అని నా అంచనా. అది తీసి అక్కడ పత్రిక పేరు, సంచిక సంఖ్య, నెల వేయండి. ఆ చోటు మిగిలితే ఇండెక్స్‌కి ఇవ్వండి.

రే గన్ సంగతి వేరు. చదవనవసరం లేదనే ధీమా ఉన్న పాఠకుడు దానికి ఉన్నడు. స్వరం చూసి కీర్తన నేర్చుకునే పిల్లకి అది పెట్టడం అన్యాయం.

---

చిక్కడపల్లి_తాళం (హైదరాబాద్)

నేను మృదంగం వాయిస్తాను, ఫోటోలు తీస్తాను. అందరూ జాబితాల గురించే మాట్లాడుతున్నారు. నేను వైబ్ పక్షం.

మొదటి సంచిక. ఊళ్లో ఎవరికీ ఆ పత్రిక తెలియదు. మూడు జాబితాలు, నూరు నంబర్లు చూస్తే ఇది సభ వార్షిక నివేదిక అనుకుని పక్కన పెడతారు. ఒక్క ఫోటో పెట్టండి. కచేరీలో వేదిక మీద దండలేసుకున్న గ్రూపు ఫోటో కాదు. శ్రుతి చేసుకుంటున్న వీణ బిరడా మీద వేళ్లు, లేదా తనియావర్తనానికి (తాళవాద్యాలే వాయించే ఘట్టానికి) ముందు మృదంగం కుడి మూత మీద కరణి (నల్ల మచ్చ) చుట్టూ పడ్డ వెలుగు. దాని మూలన పేజీ నంబరు లావుగా. కెరాంగ్ చేసేదీ అదే, ఫోటో మీదే నంబరు వేసి కంటిని నేరుగా లోపలికి పంపిస్తుంది.

ఇంకో సంగతి: కవర్ మీద ఉన్న ఫోటోనే చిన్నది చేసి ఇక్కడ మళ్లీ వెయ్యకండి. పెద్ద పత్రికలు అదే మనిషి ఫోటో వేసినా అదే షూట్‌లోంచి ఇంకో ఫోటో వేస్తాయి.

---

ఫారం_ప్రూఫు

తాళం గారూ, లోపల ఎన్ని పేజీలు కలరో ఆయన చెప్పలేదు. బ్లాక్ అండ్ వైట్ పేజీ అయితే మీరు చెప్పిన వెలుగు అచ్చులో బూడిద రంగు అవుతుంది. ముందు అది తెలియాలి.

నల్ల పట్టీల గురించి కూడా ఒక మాట. ఎన్ఎంఈ వాడిలా నల్ల మీద తెల్ల అక్షరాలు, మేం రివర్స్ అంటాం, తెలుగులో చిన్న సైజులో వెయ్యొద్దు. "శాస్త్రి" అన్న మాట తీసుకోండి. "స్త్రి"లో స మీద గుడి, కింద త వత్తు, దాన్ని చుట్టి ర వత్తు. తెల్ల అక్షరం చుట్టూ సిరా పరుచుకునేసరికి కాస్త చవక కాగితం మీద ఆ వత్తులు రెండూ పూడుకుపోతాయి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి ఆ బాధ లేదు. రివర్స్ వెయ్యాలంటే లావు ఫాంటు, పెద్ద సైజు. లేకపోతే లేత రంగు పట్టీ మీద నల్ల అక్షరం.

---

అక్షరభేదం

ఈ మాట నేనే చెప్పబోతున్నాను, బాగా పట్టుకున్నారు. ఇంకాస్త వివరంగా చెప్తాను.

ఆ ఇంగ్లిష్ పేజీల అంతస్తులన్నీ మూడు పనిముట్ల మీద నిలబడ్డాయి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, ఇరుకు అక్షరాల కండెన్స్‌డ్ ఫాంట్లు. విభాగం పేరు పెద్దక్షరాల్లో, శీర్షిక లావుగా, వివరం మామూలుగా. ఒకే ఫాంటు, ఒకే సైజులో మూడు అంతస్తులు వచ్చేస్తాయి. మనకి పెద్దక్షరాలు లేవు. కాబట్టి ఆ అంతస్తుల్ని లావు, రంగు, ఖాళీతో తేవాలి. సైజుతో తేవాలని చూస్తే పేజీ నిండిపోతుంది.

రెండోది లైన్ల మధ్య ఎడం. ఎన్ఎంఈ ఇండెక్స్ లైన్లు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టే ఉంటాయి. తెలుగులో పై లైను వత్తు, కింది లైను గుడి ఢీకొంటాయి. ఇంగ్లిష్‌లో అరవై పేర్లు పట్టే కాలమ్‌లో మనకి అన్ని పట్టవు. అందుకని త్రిస్థాయి గారు చెప్పిన మూడు జాబితాల్ని నిలువు కాలమ్‌లా కాక పేజీ అడుగున అడ్డంగా మూడు కాలమ్‌లుగా వెయ్యండి.

ఫాంట్లు: జాబితాకి అనేక్ తెలుగు. దానిలో వెడల్పు కూడా మార్చుకోవచ్చు, 75 శాతం నుంచి 125 శాతం దాకా. మరీ ఇరుకుగా కాక మధ్యస్థంగా ఉంచండి. విభాగాల పేర్లకి రామభద్ర, బాగా లావుగా ఉంటుంది. వివరాలకి మండలి. మూడూ ఉచితమే. మూడుకి మించొద్దు.

పేజీ నంబర్లు 1, 2, 3 అంకెల్లోనే వెయ్యండి, శీర్షికకి ముందు వెయ్యండి. చుక్కల గీత ఎందుకు పుట్టింది? శీర్షిక ఒక చివర, నంబరు ఇంకో చివర ఉండబట్టి కంటికి దారి కావాల్సొచ్చింది. నంబరుని ఎడమ పక్క, లావుగా, రంగులో పెట్టి వెంటనే శీర్షిక వేస్తే ఆ గీతతో పనే లేదు. సంగీత పత్రికలు ఎక్కువగా చేసేది అదే.

ప్రయోగం విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఈ సంచికలో కాకపోతే నాలుగో సంచికలోనైనా ఆ పేజీ నెత్తిన ఏదో ఒకటి ఆడించండి.

---

గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలండి. ఇంత రాస్తారని అనుకోలేదు. ఫారం గారూ, 16 పేజీలు కలర్, మొదటి ఫారమే. విషయసూచిక అందులోనే పడుతుంది.

ఇలా అనుకుంటున్నాను. కుడి పేజీ, మూడో పేజీ. పైన పత్రిక పేరు, సంచిక, నెల. ఎడమ సగంలో తాళం గారు చెప్పినట్టు ఒకే ఫోటో, దాని మూలన నంబరు. కుడి సగంలో రెండు గుంపులు: "ఈ సంచికలో", "ప్రతి సంచికలో". ముఖపత్ర కథనం అన్నిటికన్నా పైన. అడుగున లేత పసుపు పట్టీ మీద మూడు కాలమ్‌లు: రాగాలు, వాగ్గేయకారులు, కళాకారులు. దాని కింద ముద్రాపకుడి వివరాలు, చందా, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్.

ఇండెక్స్ మొదలుపెట్టగానే చిక్కొచ్చింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిని మ కింద వెయ్యాలా, బ కిందా? ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని? ఇంటిపేరా, అసలు పేరా? కమిటీలో గంట సేపు వాదన జరిగింది.

---

త్రిస్థాయి

జనం ఎలా పిలుస్తారో అలా. ఒకే నియమం అందరికీ వర్తింపజేస్తే ఎవరూ దొరకరు.

ద్వారం వారిని "ద్వారం" అంటాం, ద కింద. ఈమని శంకరశాస్త్రి గారిని "ఈమని" అంటాం, ఈ కింద. బాలమురళి గారిని "మంగళంపల్లి" అని వెతికేవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు, బ కింద. శ్రీపాద పినాకపాణి గారు ప కింద. జాబితాలో "బాలమురళీకృష్ణ, మంగళంపల్లి" అని తిప్పి రాస్తే పూర్తి పేరు కూడా ఉన్నట్టే.

---

పాతపాట_రేడియో (విశాఖపట్నం)

సినిమా సంగీతంలో అయితే దాదాపు అందరూ ఇంటిపేరుతోనే. ఘంటసాల, పెండ్యాల, సుసర్ల. ఘంటసాల గారిని వ కింద వేస్తే ఆ పత్రిక మళ్లీ కొనను.

సాలూరి రాజేశ్వరరావు గారి విషయంలో మాత్రం రెండూ వాడుకే. కాబట్టి రెండు చోట్లా వెయ్యండి, "సాలూరి: రాజేశ్వరరావు చూడండి" అని. ఒక లైను పోతే పోయింది.

సినిమా పాటల శీర్షికలో వచ్చే రాగాల్ని కూడా రాగాల జాబితాలో కలుపుతున్నారు కదా? తప్పకుండా కలపండి. కచేరీ కల్యాణి, సినిమా కల్యాణి ఒకే లైనులో పక్కపక్క నంబర్లుగా కనిపించాలి. రెండిటినీ వేర్వేరు గుళ్లలో కూర్చోబెట్టే పత్రికలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

---

మిడ్‌ల్యాండ్స్_తెలుగు

పాతపాట గారు చెప్పిన చివరి మాట చాలా విలువైంది. ఎన్ఎంఈ ఇండెక్స్‌లో అందరికీ ఒకటే సైజు అని ఆబిడ్స్ గారు మొదట్లో అన్నది కూడా అదే.

ఒక అనుమానం. పీడీఎఫ్ కూడా ఇస్తారా? విదేశాల్లో మాలాంటివాళ్లం చదివేది అదే. ఇస్తే ఇండెక్స్‌లో ప్రతి నంబరుకీ లింకు పెట్టండి. అలాగే పీడీఎఫ్ పేజీ లెక్కలో కవర్లు రెండు పేజీలు కలిసి అచ్చు నంబరుకీ తెర మీద నంబరుకీ తేడా వస్తుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు పేజీ లేబుల్స్ సరిచేస్తే ఆ ఇబ్బంది పోతుంది.

---

చిక్కడపల్లి_తాళం

ఫోటోకి సగం పేజీ ఇచ్చారు, సంతోషం. నా మనసుకి ఇప్పటికీ పూర్తి పేజీయే సరైంది. అడుగున పసుపు పట్టీ వచ్చాక ఫోటో ఊపిరి తగ్గుతుంది. ఫోటో తీసినవారి పేరు మాత్రం దాని పక్కనే వెయ్యండి, చివరి పేజీలో గుంపుగా కాదు. రోలింగ్ స్టోన్ వాళ్లు కవర్ ఫోటో ఎవరు తీశారో విషయసూచిక పేజీలో చెప్తారు.

---

గోదారిగట్టు

ఫోటోగ్రాఫర్ పేరు పక్కనే వేస్తాను. పీడీఎఫ్ ఉంది, లింకులూ పెడతాను. సాలూరి వారు రెండు చోట్లా ఉంటారు.

రాగాల జాబితా ఒక్కటే మిగిలింది. కమిటీలో ఒకరు మేళకర్త (మూల రాగాల సంఖ్యల) వరుసలో ఉండాలంటున్నారు. వాటి నుంచి పుట్టిన జన్య రాగాలు తమ జనకం, అంటే మూల రాగం, కింద. శాస్త్రప్రకారం అదే సరైందంటున్నారు.

---

త్రిస్థాయి

శాస్త్రం లోపలి వ్యాసాల్లో ఉండనివ్వండి. ఈ పేజీ వెతుక్కునేవారిది, కాబట్టి అకారాది క్రమమే. మోహన కోసం వెతికే పిల్లకి దాని జనకం 28వ మేళం హరికాంభోజి అని ముందే తెలిసుండాలంటే, తెలుసుకోవడానికి వచ్చిన పిల్లకి తలుపు వేసినట్టే.

పేర్లు కూడా వాడుకలో ఉన్నవే వెయ్యండి. మేచకల్యాణి కాదు, కల్యాణి. హనుమతోడి కాదు, తోడి. ధీరశంకరాభరణం కాదు, శంకరాభరణం. కావాలంటే పేరు పక్కన మేళం సంఖ్య చిన్నగా వెయ్యొచ్చు, మీ కమిటీ పెద్దాయనకీ తృప్తిగా ఉంటుంది. కానీ అది పేజీ నంబరని పొరపడకుండా రంగు మార్చండి.

---

ఫారం_ప్రూఫు

రంగు మార్చడం కూడా వద్దండి. ఒకే లైనులో రెండు రకాల అంకెలు ఉంటే కల్యాణి మేళం సంఖ్య 65 చూసి ఎవరో ఒకరు 65వ పేజీ కోసం వెతుకుతారు, మీకున్నవే 64. మేళం సంఖ్య వ్యాసం నెత్తిన వెయ్యండి.

స్పెల్లింగులు ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఒక రచయిత ఖరహరప్రియ అంటాడు, ఇంకొకరు కరహరప్రియ అంటారు. మోహన, మోహనం. ఇండెక్స్ కట్టేవాడు వాటిని రెండు రాగాలుగా వేసేస్తాడు. ఒక కాగితం మీద రాసి రచయితలందరికీ పంపండి.

ఆఖరి పేజీ ఖాయమయ్యాక డమ్మీ ప్రింటు తీసి ఇద్దరు కూర్చోండి. ఒకరు ఇండెక్స్ లైను చదవాలి, రెండోవారు ఆ పేజీ తీసి ఆ పేరు మీద వేలు పెట్టాలి. కనబడకపోతే ఆ లైను కొట్టేయండి. ఆ పని కంప్యూటర్ మీద కాకుండా కాగితం మీదే చెయ్యండి. మీ మేనకోడలు ఒప్పుకుంటే పేజీలు తిప్పే పని ఆ అమ్మాయికి ఇవ్వండి.

---

గోదారిగట్టు

అలాగే చేస్తాం. స్పెల్లింగుల కాగితం ఈ రాత్రికే తయారుచేసి ఇక్కడ పెడతాను. ఖరహరప్రియ అనే ఉంచుతున్నాను. మోహనం కాదు, మోహన; అక్కడ త్రిస్థాయి గారు రాసిన రూపమే ఖాయం.